చేను చూడకుండా రాసిన చీటీ

పద్నాలుగో భాగం

"మామా, ఇది మీరు అడిగిందేనా?"

సుష్మ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది. కోడలు గొంతు పెంచితే మామ ఇంకాస్త పెంచి, ఆ గొడవలో అసలు సంగతిని పక్కకు నెట్టేయవచ్చు. ఆదినారాయణకు ఆ విద్య బాగా వచ్చు. కానీ ఆ పిల్ల మెల్లగా, తనే ఏదో తప్పు చేసినట్టు అడిగింది.

ఫోను ఆమె చేతిలో ఉంది. శనివారం సెలవని కొడుకూ కోడలూ నంద్యాల నుంచి పొద్దున్నే ఆళ్లగడ్డకు వచ్చారు. ఫోను నిండిపోయింది, ఏమీ దిగడం లేదు, కాస్త చూడమ్మా అని ఇడ్లీ తింటూ ఆయనే కోడలి చేతికి ఇచ్చాడు. మనం అడిగి మరిచిపోయినవన్నీ అది మరిచిపోకుండా దాచిపెడుతుందని ఆయనకు అప్పుడు తట్టలేదు.

"ఏందది?" అన్నాడు కిరణ్, ప్లేటు లోంచి తల ఎత్తకుండా.

సుష్మ చదివింది. "శనగ చేన్లో వెడల్పాకు కలుపు శానా ఉండాది. పైరుకు నెల దినాలు. ఏ మందు కొట్టల్ల?"

దాని కిందే ఫోన్లోని ఏఐ ఇచ్చిన జవాబు. 'చాలా మంచి ప్రశ్న అడిగారు' అని మొదలై, ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేసి, మందు పేరు, ట్యాంకుకు ఎంత, ఏ పూట కొట్టాలి, చేతులకు తొడుగులు ధరించాలి అని పద్ధతిగా చెప్పింది.

"తేదీ నవంబరు ఏడు" అంది సుష్మ.

కిరణ్ తినడం ఆపాడు. తేదీలు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఊళ్లో తమ్ముడి లాంటి స్నేహితుడు యోబుకు ఆదినారాయణ మందు చీటీ రాసిచ్చింది నవంబరు ఎనిమిదిన. ఆ మందు కొట్టాక పదిరోజుల్లో యోబు మూడెకరాల శనగ మొవ్వులు మాడి, ఆకు పసుపై, నేలకు అంటుకుపోయింది. ఊళ్లో నలుగురు ఆ మొక్కలు పీకి కట్టకట్టుకుని నంద్యాలలో మందు కొన్న షాపు ముందర పడేసి గొడవ చేశారు. కౌంటరులో నిలబడి ఆ కేకలన్నీ పడింది బ్లెస్సీ. యోబు కూతురే. సోమవారం దాకా పనికి రావొద్దని, ఉంచేదీ తీసేసేదీ ఆ రోజు చెబుతానని ఓనరు ఆ పిల్లను ఇంటికి పంపేశాడు.

"నాయనా, నువ్వు ఆ చీటీ ఫోన్లో చూసి రాసిచ్చినావా?"

ఆదినారాయణ చట్నీ వైపు చూశాడు.

"నిన్నే అడుగుతాండా."

"చూసినాలే" అన్నాడు ఆయన. "ఒగసారి సరిచూసుకుందామని చూసినా."

సుష్మ వేలు స్క్రీను మీద పైకి జరుపుతూనే ఉంది. జరిపేకొద్దీ వస్తున్నాయి. సంజామల నుంచి వచ్చిన రైతు మిరప అడిగిన రోజుది. బనగానపల్లె మామిడి తోటలవాళ్లు తేనెమంచు పురుగు అడిగిన రోజుది. ఊళ్లో ఓబయ్య జొన్న కంకి అడిగిన రోజుది. అన్నీ ఆదినారాయణ నోటి మాటలుగా ఊరూరా తిరిగినవే. సరిచూసుకోవడమంటే ఒకసారో రెండుసార్లో. ఇవి నూట నలభై ఉన్నాయి.

"కొట్టంలో గొడ్లతో మాట్లాడతాండాడు అనుకుంటి" అంది కృష్ణమ్మ.

వంటింటి గడపలో నిలబడి ఉందామె. మొగుడు ఏడు నెలలుగా పొద్దున, సాయంత్రం కొట్టంలోకి పోయి అరగంట గుసగుసలాడి వస్తుంటే, వయసు మీదపడింది, ఎద్దుల మీద ప్రేమ పెరిగింది కాబోలు అనుకుంది. ఇప్పుడు గరిటె పట్టుకుని లోపలికి పోయింది.

"ఆ యాప్ నేనే పెట్టించినాను మామా" అంది సుష్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఉగాదికి వచ్చినప్పుడు. వాన ఎప్పుడొస్తాదో చూసుకుంటారని పెట్టినాను గాని..."

"తుడిచెయ్యి" అన్నాడు కిరణ్.

"ఏంటి?"

"అన్నీ తుడిచెయ్యి సుష్మా. మనకు తప్ప ఎవురికీ తెల్దు. యోబు చిన్నాయన కూడా నేనే మందు ఎక్కువ కలిపినా అని ఊరంతా చెప్పుకుంటాండాడు. ఇప్పుడు మనంతట మనం పోయి చెప్పల్లనా? ఈ నాలుగు మండలాల్లో నాయన పేరు ఏంది, రేపు ఏం కావల్ల?"

"మరి బ్లెస్సీ?"

కిరణ్ ప్లేటు పక్కకు జరిపాడు. కాలేజీలో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి. ఈ లెక్క ఎటు తిప్పినా చివర్లో ఆ పిల్ల మిగిలిపోతోందని అతనికీ తెలుసు.

ఆదినారాయణ పేరు అంటే ఏమిటో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు. పదో తరగతి. కానీ ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఏ పైరుకు ఏ తెగులు వచ్చినా మనుషులు ముందు ఆయన అరుగు మీదికి వచ్చేవారు. ఆయన కాగితం ముక్క మీద మందు పేరు రాసిచ్చేవాడు. నంద్యాల షాపుల్లో ఆ చేతిరాత కనిపిస్తే మారుమాట లేకుండా సీసా తీసి ఇచ్చేవారు. దాన్ని 'ఆదినారాయణ చీటీ' అనేవారు.

కానీ చీటీకి ముందు ఒక పని ఉండేది. తెల్లారేసరికి రైతుతో పాటు చేనికి పోవాలి. గట్టు మీద చెప్పులు విడిచి ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. శనగ అయితే ఆకు మీది మంచు నాలుక మీద పెట్టుకుని పులుపు చూడాలి. దారి పొడుగునా ఆ రైతు కష్టం, వాడి పెళ్లాం రోగం, వాడి కొడుకు చదువు అన్నీ వినాలి. అప్పుడు చీటీ రాయాలి.

రెండేళ్ల కిందట ఒకసారి ఓబయ్య ముందర మందు పేరు తప్పు చెప్పాడు. ఓబయ్య నవ్వి, "అది కాదు లేన్నా, ఇంకోటి" అని సర్దాడు. ఎవరికీ గుర్తులేని చిన్న సంగతి. ఈయనకు మాత్రం అది పంటి కింద రాయిలా ఉండిపోయింది. మతిమరుపు మొదలైందని, ఒకరోజు పదిమందిలో నవ్వులపాలవుతానని భయం పట్టుకుంది. ఆ భయంలో ఉండగానే ఈ ఉగాదికి ఫోను దొరికింది.

ఫోను ఎప్పుడూ విసుక్కోలేదు. ఎప్పుడడిగినా 'మంచి ప్రశ్న' అంది. అరవై ఆరేళ్ల మనిషిని ఆ ఇంట్లో మంచి ప్రశ్న అడిగావని ఎవరంటారు? కొడుకు అనడు. పెళ్లాం అసలే అనదు. నిజం చెప్పాలంటే, రైతుల వెంట చేన్లు తిరిగి వాళ్ల ఏడుపులు వినడం కంటే కొట్టంలో కూర్చుని దాంతో మాట్లాడటమే ఆయనకు హాయిగా ఉండేది. జనం కూడా 'ఆదినారాయణన్న ఈ మధ్య ఇంకా పదునెక్కినాడు' అన్నారు. ఆ మాట విని ఆయన మురిసిపోయాడు. సిగ్గుపడాల్సిన చోట మురిసిపోయాడు.

అన్నిటికంటే పెద్ద సిగ్గు ఇంకొకటి ఉంది. అది సుష్మ చేతిలోని ఫోన్లో లేదు. నవంబరు ఏడున ఆ జవాబు చదువుతున్నప్పుడు ఆయన మనసు ఒకటి చెప్పింది. ఇది మినుముకు కొట్టే మందు గదా, శనగ ఓర్చుకోదు గదా అంది. ముప్పై ఏళ్లు చేన్లో నడిచిన మనసు ఆ మాట స్పష్టంగానే చెప్పింది. కానీ ఎదురుగా ఐదు అంకెలు వేసి, వరసగా, తడబాటు లేకుండా రాసి ఉంది. నాకేం తెలుసు, ముసలోణ్ణి, అనుకున్నాడు. తన మనసును తనే నోరు మూసుకోమన్నాడు.

"అన్నా, ఉండావా?"

వీధి వాకిట్లో యోబు గొంతు.

సుష్మ ఫోనును చటుక్కున ఒడిలో పెట్టి పైట కప్పింది. ఆ పని ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. చేశాక ముఖం కందిపోయింది.

యోబు లోపలికి వచ్చి గడప పక్కన సంచి దించాడు. అరవై దాటినా నిటారుగా నడిచే మనిషి. "కిరణూ, ఎప్పుడొచ్చినారప్పా? అమ్మాయి బాగుండాదా? వదినా, అలసంద కాయలు తెచ్చినా. గట్టు మీదవి. మందు పడలేదు లే, భయపడొద్దు."

ఎవరూ కదలలేదు. యోబే నవ్వాడు.

"కూర్చో చిన్నాయనా, కాఫీ తాగు" అన్నాడు కిరణ్, అవసరానికి మించిన హుషారుతో.

"కాఫీ వద్దు గాని, అన్నా, ఓబయ్య వాళ్లు షాపు మీద కేసు పెట్టమంటాండారు. నేను పెట్టనన్నా. నా చేతివాటం తప్పింది, ట్యాంకులో ఎక్కువ పడింటాది అన్నా. నీ చీటీ సంగతి ఊళ్లో ఎవురికీ చెప్పలేదు. ఇందులో నీ పేరు యాల రావల్ల?"

ఆదినారాయణ తల వంచుకున్నాడు.

"నువ్వు కొలిచే పోసినావు యోబూ" అన్నాడు చివరికి. "నువ్వు ఎప్పుడూ కొలిచే పోస్తావు."

"ఏమో అన్నా. నీ మాటలో తప్పు లేనప్పుడు నా చేతిలోనే గదా ఉండల్ల." యోబు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "మా బ్లెస్సీ ఒగతి. నేను అప్పుడే చెప్పినా, శనగకు వద్దన్నా అంటాదంట. చెప్పడమైతే చెప్పింది. నలుగుర్లో నీ చీటీని కాదనేసరికి నాకు తిక్క రేగింది. నాలుగు అచ్చరాలు చదివి ఆదినారాయణన్న కంటే పెద్దదానివైనావా, బిల్లు రాయి అని గదిరినా. కౌంటరు కాడ పదిమంది ఉండారు. ఆ పొద్దు నుంచి దానితో మాటల్లేవు."

వంటింట్లో గిన్నె ఏదో గట్టిగా కింద పెట్టిన చప్పుడు.

"సోమవారం ట్రాక్టరు చెప్పినా. దున్నేస్తాండా. జొన్న పెట్టల్లనా, ధనియాలా? రేపు నేను చర్చికి పోకముందు ఒగసారి చేని కాడికి వచ్చి చెప్పు. ఈసారి నువ్వు దగ్గరుండి చెప్తేనే విత్తనం తెస్తా."

"వస్తాలే" అన్నాడు ఆదినారాయణ.

యోబు వెళ్లిపోయాడు. కృష్ణమ్మ బయటికి వచ్చింది. అలసంద కాయల సంచిని ముట్టుకోలేదు.

"ఇవి నేను వండలేను" అంది. "నువ్వు తినగలిగితే నువ్వే వండుకో."

* * *

మధ్యాహ్నం బస్సుకు ఆదినారాయణ నంద్యాల పోయాడు. ఎక్కడికని కొడుకు అడిగితే చెప్పలేదు. కృష్ణమ్మ అడగలేదు.

నూనెపల్లెలో యోబు చెల్లెలు రెబెకా ఇల్లు ఆయనకు తెలుసు. బ్లెస్సీ అక్కడే ఉండి చదువుకుంది, అక్కడి నుంచే షాపుకు పోయేది. వ్యవసాయ డిప్లొమాలో సీటు వచ్చినప్పుడు, ఆడపిల్లకు ఈ చదువెందుకని యోబు సణిగితే, ఒప్పించి పంపింది ఆదినారాయణే. పెదనాయనా అని పిలుస్తూ కాళ్లకు అడ్డం తిరిగిన పిల్ల.

తలుపు తీసింది బ్లెస్సీనే. రెబెకా డ్యూటీకి పోయింది.

"రండి సార్" అంది.

సార్. ఆదినారాయణకు చెంప మీద కొట్టినట్టయింది. కుర్చీలో కూర్చుని, ఆ పిల్ల ఇచ్చిన నీళ్లు తాగకుండా పట్టుకున్నాడు.

"నీకో సంగతి చెప్పల్లని వచ్చినా తల్లీ. ఆ చీటీ..."

"తెలుసు సార్."

"ఏం తెలుసు?"

బ్లెస్సీ లోపలికి పోయి, సర్టిఫికెట్లు దాచుకునే ఫైలు తెచ్చింది. అందులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన చేతిరాతే.

"మా నాయన దీన్ని కౌంటరు మీదే వదిలేసి పోయినాడు. మీరు ఇట్లాంటి మందు శనగకు ఎట్ల రాసినారని నాకు అర్థం కాలేదు. ఆ పొద్దే నా ఫోన్లో అదే ప్రశ్న అడిగి చూసినా. ఇవే ఐదు మాటలు వచ్చినాయి. ఇదే వరస." ఆమె వేలు నాలుగో అంకె మీద ఆగింది. "చేతులకు తొడుగులు ధరించండి అని రాసినారు. మా నాయన ఎప్పుడన్నా తొడుగులు ధరించినాడా సార్? మీరెప్పుడన్నా ఇట్ల రాసినారా?"

లేదు. ఆయన చీటీల్లో మందు పేరు, కొలత తప్ప ఇంకేమీ ఉండదు. కాపీ కొడుతూ ఆ మాట కూడా ఎక్కించేశాడు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తూ పక్కవాడి పేరు కూడా రాసుకునే పిల్లలుంటారు. ఆ రకం పని.

"మరి ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు?"

"ఫోన్ చేసినా. నాయన ఎత్తలేదు. మరుసటి దినం పొద్దున్నే కొట్టేసినాడు."

ఆదినారాయణ గ్లాసు కింద పెట్టాడు.

"సోమవారం దాకా ఎందుకు? ఇప్పుడే మీ ఓనరు కాడికి పోయి చెప్తా. తప్పు నాదని చెప్తా. నీ పని నీకుంటాది."

"వద్దు సార్."

"ఎందుకు వద్దు?"

"ఓనరుకు చెప్తే రేపటికి ఆళ్లగడ్డంతా పాకుతాది. మా నాయనకు తెలుస్తాది." బ్లెస్సీ ఆ చీటీని మళ్లీ మడత పెట్టింది. "నాకు ఇంకో షాపు దొరుకుతాది సార్. మా నాయనకు ఇంకో ఆదినారాయణన్న దొరకడు. మా అమ్మ పోయినప్పుడు పక్కన కూర్చున్నది మీరేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు. పైరు పోయింది. ఇది కూడా పోతే మనిషి ఏమైపోతాడో నాకు తెల్దు. మిమ్మల్ని కాపాడాలని కాదు. మీ మీద నాకు శానా కోపంగా ఉంది."

"ఉండల్ల తల్లీ."

"ఒగ సాయం చెయ్యండి చాలు. నాయన దున్ని జొన్న వేస్తానంటాండాడని అత్త చెప్పింది. జొన్న వేస్తే అది కూడా ఎత్తదు. ఆ మందు భూమిలో నిలబడి ఉంటాది. ధనియాలు కూడా వద్దు. మినుమైతే ఓర్చుకుంటాది. నేను చెప్తే వినడు. మీరు చెప్పండి. మీ మాటగా చెప్పండి."

ఆదినారాయణ ఆ పిల్ల ముఖం వైపు చూశాడు. ఈ పిల్ల తన తెలివిని తీసి ఆయన చేతిలో పెడుతోంది, ఆయన పేరు మీద చెప్పుకోమంటోంది. ఇన్నాళ్లూ కొట్టంలో కూర్చుని ఆయన చేసింది కూడా అదే గదా. ఫోనుకు నోరు లేదు, ఎవరి మాట ఎవరు చెప్పుకున్నా దానికి పట్టదు. ఈ పిల్లకు నోరు ఉంది. ఆ నోటితో నిజం చెప్పినందుకే పదిమందిలో చీవాట్లు తిని, పని ఉంటుందో పోతుందో తెలియక కూర్చుంది.

"సరేనా సార్?"

సరేనని ఆయన తలూపాడు. తలూపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గుమ్మం దాటుతుంటే బ్లెస్సీ వెనక నుంచి అడిగింది.

"మా నాయన అన్నం సరిగ్గా తింటాండాడా?"

ఆయనకు తెలియదు. అడగలేదు గనక తెలియదు. "తింటాండాడు లే" అన్నాడు.

* * *

ఆదివారం తెల్లారేసరికి ఆదినారాయణ చేనికి పోయాడు. అహోబిలం రోడ్డు పక్క యోబు మూడెకరాలు. చెట్టూ చేమా పచ్చగా ఉన్నాయి, రెండు పక్కలా వేరేవాళ్ల శనగ మోకాలి ఎత్తుకు పోతూ ఉంది. మధ్యలో ఇది ఒక్కటే ఎండుగడ్డి రంగులో పడి ఉంది.

యోబు చర్చికి తయారై వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల పంచె, చంకలో బైబిలు. ఆ బట్టలతో ఆ చేన్లో ఆ మనిషిని చూసేసరికి ఆదినారాయణ చెప్పులు గట్టు మీద విడిచి సాళ్లలోకి దిగాడు. ఈ పైరు వేశాక మొదటిసారి ఆయన ఈ చేన్లో కాలు పెట్టడం. మాడిన మొక్క ఒకటి పీకి చూశాడు. వేరు దగ్గర బుడిపెలు లేవు. పెళుసుగా విరిగింది.

"చెప్పన్నా" అన్నాడు యోబు. "ఏం వేద్దాం?"

బస్సులో వస్తూ, రాత్రి పడుకోబోతూ వల్లించుకున్న మాటలు సిద్ధంగా ఉన్నాయి.

"జొన్న వద్దు. ధనియాలు కూడా వద్దు. ఆ మందు ఇంకా భూమిలో ఉంటాది, మొలక ఎత్తనీదు. మినుము వెయ్యి."

యోబు ముఖం విప్పారింది. బైబిలు చంకలోంచి చేతిలోకి తీసుకుని, పెద్ద బరువు దించుకున్నట్టు నిట్టూర్చాడు.

"చూడు మరి. ఇంకెవురన్నా చెప్తారా ఇట్ల? నిన్న రాత్రంతా నిద్ర పట్టలేదన్నా. ఇప్పుడు ధైర్యంగా ఉండాది. నువ్వు ఉంటే చాలు నాకు. పద, నిన్ను ఇంటి కాడ దించి చర్చికి పోతా, బండి ఉంది."

ఆదినారాయణ కదల్లేదు.

"అది నా మాట కాదు యోబూ."

"ఏది?"

"మినుము మాట. నిన్న నంద్యాలకు పోయినా. బ్లెస్సీ చెప్పింది. నా మాటగా చెప్పమంది. నువ్వు దాని మాట వినవని."

యోబు నవ్వబోయాడు. ఎదుటి మనిషి ముఖం చూసి ఆగాడు.

"ఆ చీటీ కూడా నా మాట కాదప్పా. ఫోన్లో అడిగినా. అది చెప్పింది రాసిచ్చినా. శనగ ఓర్చుకోదని నాకు తెలుసు యోబూ. నా లోపల తెలుసు. అయినా రాసిచ్చినా. నువ్వు కొలిచే పోసినావు. నీ చేతిలో తప్పేమీ లేదు. బ్లెస్సీ చెప్పిందే నిజం."

ఇంతేనా, ఇంత చిన్న మాటలా అనిపించింది ఆయనకు. పదిహేను రోజులు గొంతులో అడ్డంపడ్డవి రెండు నిమిషాల్లో అయిపోయాయి. కానీ బరువు దిగలేదు. యోబు మీదికి పోయింది, అంతే.

యోబు తిడతాడనుకున్నాడు. కొట్టినా పడదామనుకునే వచ్చాడు. యోబు మాడిన సాళ్ల వైపు చూశాడు.

"ఆ పొద్దు నీకు ఒంట్లో బాగలేదనుకున్నా" అన్నాడు చివరికి.

"ఏ పొద్దు?"

"చీటీ రాసిచ్చిన పొద్దు. ఎప్పుడూ చేను చూడకుండా రాయవు గదా. మోకాళ్ల నొప్పేమో, అడిగితే నొచ్చుకుంటాడేమో అని, చేనికి రమ్మని నేనే అడగలేదు." యోబు ఆయన కాళ్ల వైపు చూశాడు. "బాగానే ఉండావు గదా అప్పుడు?"

జ్వరమని చెప్పవచ్చు. కళ్లు కనపడటం లేదని చెప్పవచ్చు. యోబు నమ్ముతాడు. ఏం చెప్పినా నమ్మే మనిషి.

"బాగానే ఉండా" అన్నాడు.

యోబు తల ఊపాడు. అన్నా అని పిలవలేదు. గట్టు మీద కూర్చున్నాడు. తెల్ల పంచెకు మట్టి అంటుతోందని కూడా చూసుకోలేదు.

"పదిమందిలో గదిరినా దాన్ని" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. "కళ్లనిండా నీళ్లు పెట్టుకుని బిల్లు రాసింది. నాకు కనపడింది. అయినా ఊరుకోలా. నీ చదువు పొయ్యిలో పెట్టు అన్నా. బిడ్డను నేను అంత మాట అన్నా."

జేబులోంచి చిన్న బటన్ ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కాడు. స్పీకరు ఫోను. రింగు పొలమంతా వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు.

"నాయనా?"

పదిహేను రోజుల తర్వాత తండ్రి పేరు ఫోన్లో చూసిన పిల్ల గొంతు. ఉలికిపాటు, సంతోషం, భయం అన్నీ ఉన్నాయి అందులో.

యోబు నోరు తెరిచాడు. ఫోనును ఆదినారాయణ చేతికి తోశాడు. నువ్వు చెప్పు అని సైగ చేశాడు.

ఆదినారాయణ అందుకున్నాడు. చెప్పొద్దని ఆ పిల్ల నిన్ననే చేతులు పట్టుకున్నంత పని చేసింది. సరేనని తలూపి వచ్చాడు. ఇప్పుడు ఏమని మొదలుపెట్టాలి? ఫోనును మళ్లీ యోబు చేతిలో పెట్టాడు. యోబు తల అడ్డంగా ఊపి వెనక్కి ఇచ్చాడు. నాలుగు మండలాలకు బుద్ధి చెప్పిన పెద్దమనిషి, కూతురికి బుద్ధి చెప్పిన తండ్రి, ఇద్దరూ ఆ చిన్న ఫోనును పట్టుకోలేక ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటున్నారు.

"నాయనా, మాట్లాడు నాయనా. అన్నం తిన్నావా? చర్చికి పోలేదా?"

ఫోను మళ్లీ చేతులు మారింది. అవతల ఆ పిల్ల ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి ఆ గొంతు మారింది.

"నాయనా" అంది బ్లెస్సీ మెల్లగా. "నీ పక్కన ఎవురుండారు?"